ఆ రెండో గిటారు మావాడిది

పోయిన దీపావళి తర్వాతి శనివారం క్లీవ్‌లాండ్‌లో మా ఇంట్లో భోజనాలు. వరంగల్ ఆర్ఈసీ ఇంజనీరింగ్ కాలేజీలో నాతో చదివిన ఇద్దరు కుటుంబాలతో వచ్చారు, ఒకడు డెట్రాయిట్ నుంచి, ఇంకొకడు కొలంబస్ నుంచి. పక్కింటి పెద్దాయన్ని కూడా పిలిచాం. భార్య పోయాక ఆయన ఒక్కడే ఉంటున్నాడు, పండగ వంటలు చేసినప్పుడల్లా పిలవడం మాకు అలవాటు. తిన్నాక అందరం బేస్‌మెంట్లో కూర్చున్నాం. మాటల్లో హాస్టల్ రోజులు వచ్చాయి. డెట్రాయిట్ వాడు ఫోన్ తీసి అమెరికా రాక్ బ్యాండ్ ఈగల్స్ వాళ్ల 'హోటల్ కాలిఫోర్నియా' పెట్టాడు.

1992లో మా వింగ్ మొత్తానికి ఒకటే టూ-ఇన్-వన్. ఇంగ్లీషు పాటల క్యాసెట్లు హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ల దగ్గరే ఉండేవి. పాత క్యాసెట్ మీద మళ్లీ మళ్లీ రికార్డు చేసుకున్నవి, లేబుల్ మీద పాటల పేర్లు బాల్ పెన్నుతో రాసి ఉండేవి. తెనాలిలో తెలుగు మీడియం చదివి వచ్చిన నాకు ఆ పాటలో సగం మాటలు అర్థం కాలేదు. గిటారు మాత్రం కొత్తగా అనిపించలేదు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు వింటూ పెరిగిన చెవులు మావి. గిటారు ఎక్కడ పలికినా చుట్టరికం కలుపుకునేవి.

పాట మొత్తం ఆరున్నర నిమిషాలు. చివరి రెండు నిమిషాలు గొంతు ఉండదు, గిటార్లే. ఆ భాగం వచ్చేసరికి బేస్‌మెంట్లో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు పెద్దాయన వేలు పైకెత్తి, "ఇప్పుడు వచ్చే రెండో గిటారు మావాడిది" అన్నాడు.

మావాడు అంటే ఈగల్స్‌లో గిటారు వాయించిన జో వాల్ష్. మొదట అందుకునేది డాన్ ఫెల్డర్, రెండోది వాల్ష్, ఆ తర్వాత ఇద్దరూ కలుస్తారు. వాల్ష్ మా ఇంటికి గంట దూరం కూడా లేని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకున్నాడట. ఈగల్స్‌లో చేరకముందు క్లీవ్‌లాండ్ బ్యాండ్ జేమ్స్ గ్యాంగ్‌లో వాయించేవాడట. పెద్దాయన కూడా కెంట్‌లోనే చదివాడు, వాళ్ల పాట చాలాసార్లు దగ్గర నుంచి విన్నాడు. ఆ సంగతి వినగానే నాకు ఒళ్లు జలదరించింది. వరంగల్లో దోమతెరలో పడుకుని విన్న గిటారు మనిషి మా పక్క ఊళ్లో తిరిగినవాడు. క్లీవ్‌లాండ్ వచ్చి ఇరవై ఏళ్లు దాటినా నాకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఎవరినీ ఎప్పుడూ అడగలేదు.

పాట అయిపోయాక కొలంబస్ వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లది మిర్యాలగూడ దగ్గర పల్లె. రెండో ఏడాది సంక్రాంతి వెళ్లాక వాళ్ల నాన్న సకినాలు, బియ్యం మూట పట్టుకుని, చెప్పకుండా హాస్టల్‌కి వచ్చాడు. అప్పుడు రూంలో ఇదే పాట నడుస్తోంది. మావాడు గబగబా లేచి టేప్ ఆపబోతే, "ఉండనియ్యిరా" అని మంచం మీద కూర్చున్నాడు. ఆయన ఊళ్లో భజన మండలిలో హార్మోనియం వాయించేవాడు. గిటార్లు అందుకున్నాక తల వంచి విని అడిగాడట, "ఇద్దరున్నరు గదరా? ఒకలు ఇడిసిపెట్టిన కాడ ఇంకొకలు అందుకుంటున్రు."

ఇంగ్లీషు ముక్క రాని మనిషికి, ఆ బ్యాండ్ పేరు కూడా తెలియని మనిషికి, అందులో ఇద్దరు వాయిస్తున్నారని వినగానే తెలిసింది. భజనలో ఒకరు పాడి ఆపిన చోట ఇంకొకరు అందుకోవడం ఆయనకు రోజూ అలవాటే. రెండేళ్లుగా ఆ పాట వింటున్న మాలో ఒక్కరికీ ఆ సంగతి పట్టలేదు.

ఆయన పోయి పదకొండేళ్లు. మావాడి భార్య అక్కడే కూర్చుని ఉంది. "ఇది నాకెప్పుడూ చెప్పలేదేంటండీ" అంది. పిల్లలకూ తెలియదు. తాతయ్య అంటే వాళ్లకి వీడియో కాల్‌లో "బాగున్నరా బిడ్డా" అనే ముసలాయన. సంగీతం మనిషి అని తెలియదు. ముప్పై ఏళ్లలో మావాడు ఆ పాట కార్లో ఎన్నిసార్లు పెట్టుకున్నాడో! పెట్టిన ప్రతిసారీ వాళ్ల నాన్న గుర్తొచ్చాడట. నోటి దాకా మాత్రం రాలేదు.

ఇదే నేను ఈ పత్రికలో రాయాలనుకున్న విషయం. మన తెలుగు సంఘంలో పాటలకు లోటు లేదు. ఉగాదికి పాటలు, సంక్రాంతికి పాటలు, పాటల పోటీ, కరోకే. పిల్లలు ఎంతో కష్టపడి నేర్చుకుని పాడతారు, మనం చప్పట్లు కొడతాం, తర్వాతి ఐటం పిలుస్తారు. ఆ పాట ఎవరి బతుకులో ఎక్కడ మోగిందో అడగడానికి మన కార్యక్రమంలో ఐదు నిమిషాలు ఉండవు. నా ఉద్దేశంలో ఇది పెద్ద పొరపాటు. పాటని పిల్లలు యూట్యూబ్‌లో ఎప్పుడైనా వింటారు. హార్మోనియం వాయించే తాతయ్య హాస్టల్ మంచం మీద కూర్చుని విన్న సంగతి యూట్యూబ్‌లో దొరకదు.

మనుషులకి ఇరవై ఏళ్ల లోపు విన్న పాటలు ఎక్కువగా అంటిపెట్టుకుని ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో పీటర్ జనాటా అనే శాస్త్రవేత్త మనుషులకి వాళ్ల చిన్నప్పటి పాటలు వినిపించి మెదడుని స్కాన్ చేశాడు. సొంత జ్ఞాపకం ముడిపడి ఉన్న పాట వచ్చినప్పుడు నుదుటి వెనక ఉండే ఒక భాగం ఎక్కువగా పనిచేయడం చూశాడు. 2009లో ఆ పరిశోధన అచ్చయింది. మా అమ్మకి మతిమరుపు మొదలయ్యాక నా పేరు ఒక్కోసారి తప్పిపోయేది, మంగళహారతి పాట మాత్రం ఒక్క అక్షరం పోలేదు. కాబట్టి నాకు ఆ మాట నమ్మడం కష్టం కాలేదు.

తెలుగు సంఘంలో ఇంగ్లీషు రాక్ పాటల గొడవేంటి అని అడిగేవాళ్లు ఉంటారు. నిజమే, మన భాష నిలబెట్టుకోవడానికే సంఘం. నేనూ అందుకే పదిహేనేళ్లుగా సభ్యుణ్ణి. మావాడి నాన్న అన్న మాట నల్లగొండ తెలుగు. ఆ మాట బయటికి రావడానికి అమెరికా పాట కావాల్సి వచ్చింది. పాట భాష ఏదైనా, దాని చుట్టూ మన జీవితంలో జరిగినదంతా తెలుగులోనే జరిగింది.

మా ఊరినే చూడండి. 1952లో ఇక్కడే ఎలన్ ఫ్రీడ్ అనే రేడియో ఆయన పెట్టిన కచేరీని మొట్టమొదటి రాక్ అండ్ రోల్ కచేరీగా చెబుతారు. జనం పట్టనంతమంది రావడంతో అది మొదలైన కాసేపటికే ఆపేయాల్సి వచ్చింది. 1995లో ఈరీ సరస్సు ఒడ్డున రాక్ మ్యూజియం తెరిచారు. ఇదే ఊళ్లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. తమిళులు, కన్నడిగులు, అమెరికాలో పుట్టిన పిల్లలు వందల మంది కలిసి కూర్చుని 'ఎందరో మహానుభావులు' తెలుగులో పాడతారు. ఆరాధన జరిగే హాలుకీ ఆ మ్యూజియానికీ కారులో పది నిమిషాలు పట్టదు. మనం హాలుకి భక్తితో వెళ్తాం, మ్యూజియానికి ఇండియా నుంచి చుట్టాలొస్తే ఫొటో కోసం వెళ్తాం. లోపలికి వెళ్లి, పక్కన నిలబడ్డ తెల్లజుట్టు ఆయన్ని "ఈ పాట మీకు ఏం గుర్తు తెస్తుంది?" అని అడిగినవాళ్లు మనలో ఎంతమంది?

నేను ఆ రాత్రి అడిగాను. పెద్దాయన వెంటనే చెప్పలేదు. కాఫీ తాగాక చెప్పాడు. 1970 మే 4న ఆయన కెంట్‌లో రెండో ఏడాది విద్యార్థి. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా గుమిగూడిన విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ సైనికులు 13 సెకన్లలో 67 తూటాలు కాల్చారు. నలుగురు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. ఆయన ఆ సమయానికి క్లాసులో ఉన్నాడు, చప్పుడు విన్నాడు. కొన్ని వారాలకే ఆ కాల్పుల మీద నీల్ యంగ్ రాసిన 'ఒహాయో' పాట రేడియోలో వచ్చింది. ఇప్పటికీ కారులో ఆ పాట వస్తే ఆయన బండి పక్కకి తీసి ఆపుతాడట. రేడియో మాత్రం కట్టేయడు, అయ్యేదాకా వింటాడు.

మా పాప అదే యూనివర్సిటీలో నర్సింగ్ చదువుతోంది. ఆ నలుగురు పడిపోయిన చోట్లు పార్కింగ్ లాట్‌లో గుర్తులు పెట్టి ఉంచారు, అక్కడ కారు పెట్టకూడదు. పాప ఆ దారినే రోజూ నడుస్తుంది. ఆ గుర్తులేంటో ఆ రాత్రి దాకా మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. పాప ఆయన్ని చాలా ప్రశ్నలు వేసింది. ఆయన వెళ్లేసరికి పన్నెండు దాటింది.

సంఘం కార్యవర్గాన్ని నేను అడిగేది ఒకటే. వచ్చే ఉగాదికి ఒక గంట ఇవ్వండి. స్టేజి మీద వద్దు, చిన్న గదిలో, కుర్చీలు గుండ్రంగా వేసి. ఎవరి పాట వాళ్లు తెచ్చుకుంటారు. ఘంటసాల కావచ్చు, పింక్ ఫ్లాయిడ్ కావచ్చు, బతుకమ్మ పాట కావచ్చు. పాడనక్కర్లేదు, ఫోన్లో వినిపించి, అది ఏ రోజు, పక్కన ఎవరున్నారు, అప్పుడేమైంది చెబితే చాలు. జడ్జీలు వద్దు, ప్రైజులు వద్దు. పిల్లల్ని వేరే గదిలో ఆటలకి పంపకండి, అక్కడే కూర్చోనివ్వండి. పక్కింటివాళ్లని పిలుచుకోండి.

కొలంబస్ వాణ్ణి అడిగాను, వస్తానన్నాడు. హార్మోనియం ఇంకా మిర్యాలగూడ ఇంట్లో అటక మీదే ఉందట. ఈ వేసవిలో ఇండియా వెళ్లినప్పుడు కొడుకుతోనే దింపిస్తానన్నాడు.