శాలువా వారికి ఒక ప్రేక్షకుడి బహిరంగ లేఖ

మహారాజశ్రీ శాలువా వారి దివ్యసముఖానికి,

ఏడో వరుస పన్నెండో కుర్చీ నుంచి నమస్కరించి వ్రాయునది. మొన్న శనివారం సాయంత్రం తమరు పదిహేడు జతల భుజాల మీద మహా క్షేమంగా ఊరేగడం కళ్లారా చూశాను గనుక తమరి క్షేమసమాచారం అడగవలసిన అవసరం లేదు. నా క్షేమం తమరు ఎలాగూ అడగరు.

సురభి వారి మాయాబజార్ నాటకం 6 గంటలకు అని ఆహ్వాన పత్రికలో పెద్ద అక్షరాలతో ఉంది. దానికి ముందు ‘చిరు సత్కార సభ’ ఉందని అడుగున చీమల బారులా ఉన్న అక్షరాలను ఇంటికి తిరిగి వచ్చాక కళ్లజోడు పెట్టుకుని చదివాను. అభిమన్యుడి బాణమూ ఘటోత్కచుడి బాణమూ రంగస్థలం నడిమధ్య గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తాయని, అది సినిమా కాదని, మన కళ్ల ఎదుటే జరుగుతుందని ఎనిమిదేళ్ల మా మనవరాలిని వారం రోజులు ఊరించి మరీ తీసుకువెళ్లాను. దాని వయసులో నేను ఆ బాణాలను మా నాన్న ఒళ్లో కూర్చుని చూశాను.

జ్యోతి మూడుసార్లు వెలిగి మూడుసార్లు ఆరిపోయింది. ఆ ఫ్యాను గాలికి అది మాత్రం ఏం చేస్తుంది? సమయాభావం వల్ల రెండే మాటలు మాట్లాడతానన్న పెద్దాయన ఆ రెంటికీ ఇరవై నిమిషాలు తీసుకున్నారు. ఆయనకు మైకు మీద ఉన్న ప్రేమ ముందు శశిరేఖ ప్రేమ ఏపాటిదని సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోలేనిది తమరి వైభవమే. మొదట తమరిని ప్లాస్టిక్ సంచిలోంచి చప్పుడు చేస్తూ బయటికి తీస్తారు, ఎవరి చేత కప్పించాలన్న దాని మీద వేదికపై చిన్న చర్చ జరుగుతుంది, కప్పేవారు ఒంటరిగా కప్పక మరో ముగ్గురిని పేరుపేరునా పిలిచి తలా ఒక కొస అందిస్తారు, అంతా అయ్యాక ఫోటోగ్రాఫరు అటు చూస్తున్నాడని తెలిసి తమరిని విప్పి మళ్లీ కప్పుతారు. మండు వేసవిలో ఇంత గౌరవం పొందిన పెద్దమనిషి తన కుర్చీ చేరేలోగానే తమరిని మడిచి ఒళ్లో పెట్టుకుంటాడు. ఇలా పదిహేడుసార్లు! (నా పదవీ విరమణ నాడు నేనూ తమరిని కప్పించుకున్నాను, ఆరు నెలలు తిరగకుండానే మరొకరి సన్మానానికి సాగనంపాను కూడా. మొన్న పదకొండో వారి భుజం మీద కనిపించిన ఆకుపచ్చ అంచు నాకు బాగా తెలిసినట్టే అనిపించింది.)

తెర లేచేసరికి 8.10 అయింది, హాలు 10 గంటలకు ఖాళీ చేయాలి. నిర్వాహకులు తెర పక్కకు వెళ్లి ఏదో చెప్పి వచ్చారు. తరువాత చూస్తే అడవిలో అభిమన్యుడు, ఘటోత్కచుడు ఎదురుపడగానే ‘నువ్వు మా పినతండ్రి కొడుకువా’ అని కౌగిలించుకున్నారు. బాణం లేదు, నిప్పు లేదు. ‘తాతయ్యా, యుద్ధం ఏదీ?’ అని మా మనవరాలు అడిగింది. ‘శాలువాలు కప్పుకుపోయాయి’ అన్నాను, నవ్వు తెప్పించబోయి. దానికి నవ్వు రాలేదు.

అయ్యా, తమరు మింగేసింది ఏ దృశ్యమో తమరికి తెలుసా? శశిరేఖ పెళ్లి వ్యాసుడి భారతంలో లేదు, మనవాళ్లు ముచ్చటపడి అల్లుకున్న కథ. అల్లినవారికి అసలు భారతం తెలియక కాదు. మనం పడీపడీ నవ్వుకునే ఆ పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడు కురుక్షేత్రంలో పదమూడో రోజున అభిమన్యుడి చేతిలోనే చనిపోతాడు, అభిమన్యుడూ ఆ రోజే పోతాడు, మర్నాటి రాత్రి కర్ణుడి శక్తికి ఘటోత్కచుడు కూలిపోతాడు. ముగ్గురూ రెండు రోజుల్లో! మాయాబజార్‌లో మాత్రం వాళ్లు ఇంకా గొడవపడగలరు, మాయ చేయగలరు, పెళ్లి చెడగొట్టగలరు. ఎవరూ చావకుండా, చివరికి చుట్టరికం బయటపడి ముగిసే యుద్ధం ఆ అన్నదమ్ములకు అదొక్కటే. దాన్ని కోసి తమరిని కప్పారు. సిగ్గుండాలి. తమరికి కాదులెండి, తమరు నూలుపోగులు. కప్పినవాళ్లకూ కప్పించుకున్నవాళ్లకూ ఉండాలి, చప్పట్లు కొట్టిన నాకూ ఉండాలి.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కళ ఇది, తరాల తరబడి కుటుంబాలకు కుటుంబాలే రంగస్థలం మీద పుట్టి పెరిగి బతికించుకొస్తున్న కళ. ఆ సంగతి వక్తలందరూ చెప్పారు, ఎవరికి వారు మొదటిసారి చెబుతున్నట్టుగా. తీరా సత్కారం దగ్గరికి వచ్చేసరికి అతిథులకు తలా ఒకటి చొప్పున పదిహేడు, నాటకం ఆడిన సమాజం మొత్తానికి కలిపి పద్దెనిమిదోది ఒక్కటి.

ఆ ఒక్కదాని గురించి రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. నాటకం అయ్యాక, బుంగమూతి పెట్టిన పిల్లను వెంటబెట్టుకుని, దెబ్బలాడాలనే తెర వెనక్కి వెళ్లాను. అక్కడ ట్రంకుపెట్టె మీద, ముఖాన రంగు కూడా కడుక్కోకుండా, ఐదారేళ్ల పిల్లవాడొకడు నిద్రపోతున్నాడు. వాడి మెడ దాకా కప్పి ఉన్నది తమరే. అంచు జరీ వాడి గడ్డానికి గుచ్చుకోకుండా ఎవరో లోపలికి మడిచారు. ఒక మనిషిని తమరు నిజంగా కప్పడం నేను చూడటం అదే మొదటిసారి.

ఘటోత్కచుడు గారు మీసం తీసి పక్కన పెట్టి టీ తాగుతున్నారు. నేను నోరు తెరిచేలోగానే మా మనవరాలు యుద్ధం సంగతి ఆయన్నే నిలదీసింది. ఆయన గ్లాసు కింద పెట్టి, పెట్టెలోంచి బాణం తీసి దాని చేతికిచ్చి, చెవిలో చాలాసేపు ఏదో చెప్పారు, తాతయ్యకు చెప్పకూడదని ఒట్టు కూడా వేయించుకున్నారు. నాలుగు రోజులుగా అడుగుతున్నాను, చెప్పడం లేదు.

ఇట్లు,
చిత్తగించవలెను,
ఏడో వరుస, పన్నెండో కుర్చీ