టెండరు మారితే పీఎఫ్‌కు కోతా?

పరవాడ ఫార్మా సిటీలోనో, అచ్యుతాపురం సెజ్‌లోనో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి గేటు మారదు, మిషను మారదు. టెండరు గడువు తీరి కాంట్రాక్టరు మారతాడంతే. కాగితాల్లో మాత్రం మనిషి ‘ఉద్యోగం మానేసినట్టే’. మధ్యలో కొన్నాళ్లు ఖాళీ వస్తే నెట్ సెంటర్‌కు వెళ్లి పీఎఫ్ సొమ్ము తీసుకునే ఫారం 19, పెన్షన్ సొమ్ము తీసుకునే ఫారం 10సీ పెట్టించేస్తాడు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

బేసిక్, డీఏ కలిపి నెలకు 15 వేలు అనుకుందాం. కార్మికుడి వాటా 1,800, యజమాని వాటాలో పెన్షన్‌కు 1,250 పోగా మిగిలేది 550. మూడేళ్లకు వడ్డీ కాకుండానే 84,600. సర్వీసు అయిదేళ్లు నిండలేదు, సొమ్ము 50 వేలు దాటింది. కాబట్టి చేతికిచ్చే ముందే 10 శాతం పన్ను (టీడీఎస్), అంటే 8,460 కోత. పాన్ లింకు లేకపోతే 20 శాతం. ఆదాయం పన్ను పరిధిలో లేదని డిక్లరేషన్ ఇస్తే కోత తప్పుతుంది. ఇవ్వకపోతే రిటర్న్ వేసి రీఫండ్ తెచ్చుకోవాలి. షిఫ్టు కూలీల్లో ఎందరు వేస్తారు?

అదే ఖాతాను కొత్త కాంట్రాక్టరు దగ్గరికి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పాత మూడేళ్లూ సర్వీసులో కలుస్తాయి. ఇంకో రెండేళ్లు దాటాక తీసుకుంటే పన్నే లేదు. 10సీతో డబ్బు తీసేస్తే పెన్షన్‌కు కావాల్సిన పదేళ్ల లెక్క కూడా మళ్లీ సున్నా నుంచే.

రిటైర్మెంట్ సొమ్మును మధ్యలో తీయకుండా ఈ పన్ను ఆపుతుందన్న వాదనలో నిజముంది. కానీ ఆ కంచె తన ఇష్టంతో ఉద్యోగం మారేవాడికి. టెండరు పోయినవాడికెందుకు?

ఇది నా ఉదారత కాదు, ఆదాయపు పన్ను చట్టంలోనే ఉంది. అనారోగ్యం వల్ల గానీ, యజమాని వ్యాపారం తగ్గినా మూతపడినా గానీ, ఉద్యోగి చేతిలో లేని మరే కారణం వల్ల గానీ పని పోతే అయిదేళ్ల షరతు వర్తించదు. కాంట్రాక్టరు టెండరు కోల్పోవడం ఇందులోకి రాకపోతే ఇంకేది వస్తుంది? కానీ పీఎఫ్ పోర్టల్‌లో నిష్క్రమణ కారణం దగ్గర కాంట్రాక్టరు గుమస్తా ‘సెస్సేషన్ - షార్ట్ సర్వీస్’ (కొద్దికాలం పనిచేసి మానేశాడు) అని నొక్కేస్తాడు. ఆ ఒక్క క్లిక్కుతో చట్టమిచ్చిన మినహాయింపు గల్లంతు. ఎగ్జిట్ తేదీ వేయకుండా మాయమయ్యేవాళ్లూ ఉన్నారు. అప్పుడు చివరి చందా పడిన రెండు నెలలకు సభ్యుడే పోర్టల్‌లో ‘మార్క్ ఎగ్జిట్’ చేసుకోవచ్చు. కొత్త కాంట్రాక్టరు పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) అడక్కుండా ఇంకోటి తీస్తే సర్వీసు రెండు ముక్కలవుతుంది. చేరిన రోజే పాత నంబరు చేతిలో పెట్టాలి.

ఏడాది పొడవునా నడిచే పనిని టెండర్లుగా ముక్కలు చేసి, ఆ ముక్కల ఖరీదు కార్మికుడి పీఎఫ్‌లోంచి రాబట్టడమే ఈ కాంట్రాక్టు పద్ధతి చేస్తున్నది. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన పీఎఫ్ చందాకు ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే కంపెనీ, ఎలాగూ బాధ్యుడే. ఆ బాధ్యతను ఇంకో అడుగు ముందుకు నెట్టాలి. ప్రతి కార్మికుడి ఎగ్జిట్ తేదీ, సరైన కారణం పోర్టల్‌లో పడేదాకా కాంట్రాక్టరు చివరి బిల్లు పాస్ చేయబోమని టెండరు షరతుల్లోనే రాయాలి.