మణికట్టు మీద కొలువుదీరిన గడియారం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్మార్ట్‌వాచ్ గారి సముఖానికి, తమ మణికట్టుదారు విన్నవించుకునేది ఏమనగా,

గుండెపోటు వచ్చి, ధమనిలో స్టెంటు వేయించుకుని, డాక్టర్ల అనుమతితో మళ్లీ సైకిలెక్కిన మనిషిని నేను. తమరి కర్తవ్యనిష్ఠను శంకించేటంత సాహసం నాకు లేదు. నన్ను ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజున, చేతికి సూది, ఛాతీకి తీగలు ఉండగానే, "ఈరోజు మీరు లక్ష్యానికి చాలా దూరంలో ఉన్నారు, ఇంకా సమయం మించిపోలేదు, లేచి నడవండి" అని హెచ్చరించినది తమరొక్కరే. పరామర్శకు వచ్చిన బంధువులలో ఎవరికీ ఆ ధైర్యం లేకపోయింది.

ఇంటికి చేరిన కొన్ని వారాలకు తమరి స్వరం మారింది. విశ్రాంతిగా ఉన్నప్పటి నా నాడి వేగం బాగా తగ్గిందని, ఇది మెరుగైన ఫిట్‌నెస్‌కు సంకేతమని అభినందనలు పంపారు. అప్పటికి నేను చేసిన వ్యాయామమల్లా పడక గది నుంచి వసారా దాకా నడవడమే. ఆ ఘనత నాది కాదు, పొద్దున్నే వేసుకునే బీటా బ్లాకర్ మాత్రది. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ వంటి ఈ మందులు గుండె మీద అడ్రినలిన్ అనే హార్మోను పెత్తనాన్ని అడ్డుకుని, గుండె వేగాన్నీ, అది మోయవలసిన భారాన్నీ తగ్గిస్తాయి. మందుల చీటీ చూసే అలవాటు తమరికి లేదు కనుక, మాత్రకు వేయవలసిన దండ నా మెడలో వేశారు. కాదనడమెందుకని ఊరుకున్నాను.

అసలు పేచీ సైకిలెక్కాక మొదలయింది. చిన్న ఎత్తుగడ్డ ఎక్కుతున్నాను, పెద్దదేమీ కాదు, మునుపు గేరు మార్చకుండానే దాటే పాటిది. సగం దాకా వెళ్లేసరికి ఊపిరి బరువెక్కింది, పక్కన తొక్కుతున్న మిత్రుడు అడిగిన ప్రశ్నకు మూడు మాటల జవాబు కూడా ఒక్క ఊపిరిలో పూర్తి కాలేదు. సరిగ్గా ఆ క్షణంలో తమరు ఒకసారి వణికి, నాడి నిమిషానికి 104 అని చూపి, "తేలికపాటి శ్రమ, వేగం పెంచండి" అని సెలవిచ్చారు. నేను గేరు తగ్గించి, ఆ తరువాత దిగి సైకిలును నడిపించుకుంటూ వెళితే, నా శిక్షణ ఫలితమివ్వడం లేదని సాయంత్రం నివేదికలో వ్రాశారు.

ఆ తీర్పుకు ఆధారమేమిటని విచారించగా, 220 లోంచి వయసును తీసివేయడమని తెలిసింది. నాకు 58 ఏళ్లు కనుక నాడి వేగానికి గరిష్ఠం 162. అందులో 104 అంటే 64 శాతం, కాబట్టి తేలిక. ఈ సూత్రం 1971లో ఫాక్స్, నాటన్, హాస్కెల్ ప్రచురించిన వ్యాసం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. దానికోసం వారు ప్రత్యేకంగా ప్రయోగమేదీ జరపలేదు, అప్పటికే ఉన్న లెక్కలను ఒకచోట చేర్చి, వాటి మీదుగా సుమారుగా ఒక గీత గీశారంతే. ఆరోగ్యవంతులలోనే అది పది పన్నెండు స్పందనలు అటూ ఇటూ కావడం మామూలు. ఇక కరోనరీ (గుండె రక్తనాళాల) వ్యాధితో బీటా బ్లాకర్లు వాడేవారి కోసం 2004లో వేరే సూత్రం ప్రచురితమైంది: వయసును 0.7తో గుణించి 164 లోంచి తీసివేయాలి. ఆ లెక్కన నా గరిష్ఠం దాదాపు 123. తమరు తేలిక అన్న 104 అందులో ఇంచుమించు 85 శాతం! ఇదీ సగటు లెక్కే, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. అందుకే డాక్టర్లు ఏ సూత్రాన్నీ నమ్ముకోకుండా, రోజూ వేసుకునే మందులు వేసుకున్నాకే ట్రెడ్‌మిల్ మీదనో స్థిర సైకిలు మీదనో ఎక్కించి, ఈసీజీ చూస్తూ ఎవరి హద్దు వారికి నిర్ణయిస్తారు.

రోగిని అడగకుండా ఆజ్ఞలిచ్చే సంప్రదాయం తమరితో మొదలైందని మాత్రం అనను. ఒకప్పుడు గుండెపోటు వస్తే నాలుగు నుంచి ఆరు వారాలు మంచం దిగనిచ్చేవారు కాదు. 1952లో శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ రోగులను కుర్చీలో కూర్చోబెట్టవచ్చని వ్రాస్తే అదే పెద్ద తిరుగుబాటు అయింది. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు చూసిన డాక్టరు పాల్ డడ్లీ వైట్, స్వయంగా సైకిలు తొక్కుతూ పదిమందినీ తొక్కమనే మనిషి. ఆయన తన రోగిని క్రమంగా పనిలోకి నడిపించారు, మరుసటి ఏడు ఆ రోగి ఎన్నికల్లో మళ్లీ గెలిచారు. ఆ "క్రమంగా" అన్న మాట తమరి తయారీదారుల చెవిన పడినట్లు లేదు. వెనకటివారు కదలవద్దన్నారు, తమరు పరుగెత్తమంటున్నారు. ఎలా ఉందని అడగకపోవడంలో ఇద్దరూ ఒకటే.

నన్ను అడిగినది ఫిజియోథెరపిస్టు ఒక్కరే. స్థిర సైకిలు మీద భారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, ఎదుట ఒక అట్ట పెట్టి, "ఇప్పుడు ఎంత?" అని ప్రతి కాసేపటికీ అడిగేవారు. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన కొలబద్ద అది: 6 అంటే శ్రమే లేదు, 20 అంటే ఇక నా వల్ల కాదు. నాబోటి వారికి 11 నుంచి 13 దాకా చాలునన్నారు. ఆరోగ్యవంతుడైన యువకుడికైతే ఆ అంకెను పదితో గుణిస్తే సుమారుగా నాడి వేగం వస్తుంది. మందు వేసుకున్నవాడికి ఆ గుణకారం తప్పుతుంది, ఆయాసం మాత్రం తప్పదు. అందుకే నేను అంకె కంటే నా మాటనే ఎక్కువ నమ్ముతున్నాను: తొక్కుతూ ఒక వాక్యం తడబడకుండా చెప్పగలిగితే సరే, లేకపోతే గేరు తగ్గించాలి. దీనికి బ్యాటరీ అక్కరలేదు.

"మరో 5 కిలోమీటర్ల వేగం చాలు, మీ పాత రికార్డు మీదే" అని ఊరిస్తున్నారు. చదును బాట మీద గాలి వీచని రోజైనా సరే, గంటకు 20 నుంచి 25కు పెంచితే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. ఆ రెట్టింపును సమకూర్చవలసింది కొత్తగా మరమ్మతైన గుండె, తమరు కాదు. పైగా చివర్లో నేను కాళ్లు ఊరకే ఆడిస్తూ నెమ్మదిగా తొక్కే పది నిమిషాలను "వృథా సమయం" కింద జమకట్టారు. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి, బీపీ పడిపోయి, కళ్లు తిరగవచ్చు. కళ్లు తిరిగి పడిపోతే దానికీ తమ దగ్గర ఏదో ఒక పతకం ఉండే ఉంటుంది.

ఉన్నమాట చెప్పుకోవాలి, తమరిలో ఒక గుణం నాకు నచ్చింది. రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు వేసుకుంటున్నవాడు సైకిలు మీద నుంచి పడితే చిన్న దెబ్బకే రక్తం త్వరగా ఆగదు, తలకు తగిలితే మరీ ప్రమాదం. పడిన వెంటనే ఇంటికి కబురు పంపే తమరి సదుపాయం కోసమైనా హెల్మెట్‌తో పాటు తమరినీ ధరిస్తాను. కానీ తమరు తీసే ఒంటి గీత ఈసీజీ గుండెపోటును పట్టుకోజాలదని తమ తయారీదారులే వ్రాశారు కనుక, ఛాతీ బిగిసినా, దవడ లాగినా, చల్లటి చెమట పట్టినా తమ సలహా కోసం ఆగను. తొక్కడం మాని అంబులెన్సుకు ఫోను చేస్తాను.

కనుక ఇకమీదట తమరి కొలువు ఇలా ఉంటుంది. "వేగం పెంచండి" అనే సందేశాలన్నీ సెట్టింగులలో ఆపేశాను. గరిష్ఠం గడిలో 162ను కొట్టివేసి, ట్రెడ్‌మిల్ పరీక్షలో తేలిన అంకెను ఎక్కించాను. తమరు చూసి వ్రాసుకుంటే చాలు, తీర్పు చెప్పనక్కరలేదు. మందు మోతాదు మారితే ఆ అంకె కూడా మారుతుంది. డాక్టరు గారు మార్చిన నాడు మళ్లీ తెలియజేస్తాను.

ఇట్లు,
తమ మణికట్టుదారు