బొర్రా గుహల్ని ఎవరు కనుగొన్నారు?

విశాఖ ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్‌కి కాస్త అవతల గట్టు మీద జరిగిన వాదన ఇది. అమ్మాయిది బొర్రా దగ్గరి ఊరు, తెలుగు వికీపీడియాలో కొత్తగా చేరింది. మాస్టారు చాలా ఏళ్లుగా అందులో రాస్తున్నారు. బొర్రా గుహల మీద ఆమె రాసిన పేరాను ఆయన తీసేశారు.

అమ్మాయి: రెండు రాత్రులు కూర్చుని రాశాను మాస్టారూ. పొద్దున చూస్తే లేదు. అంత తప్పేం రాశాను?

మాస్టారు: పారేయలేదమ్మా, చర్చా పేజీలో పెట్టాను. మొదటి వాక్యం చదువు.

అమ్మాయి: "చూపరుల మనసు దోచే బొర్రా గుహలు విశాఖ జిల్లాకే తలమానికం." అబద్ధమా ఇది?

మాస్టారు: అది నీ మనసు సంగతి. గుహ సంగతి చెప్పు. పైకప్పు నుంచి చుక్కచుక్కగా జారే నీళ్లు సున్నం వదిలిపెడుతూ పోతే, అది పేరుకుని స్తంభాలైందని రాయి. గోస్తనీ నది ఆ గుహల గుండా పారుతుందని రాయి. చదివేవాడి మనసు దానంతటదే అటు పోతుంది. పైగా 2022 ఏప్రిల్ నుంచి బొర్రా ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లాలో.

అమ్మాయి: సరే, అది మారుస్తాను. రెండో వాక్యానికి మూలాలిచ్చాను కదా? "1807లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడు." మూడు వెబ్‌సైట్లు పెట్టాను.

మాస్టారు: మూడూ పక్కపక్కన పెట్టి చూశావా? కామాతో సహా ఒకటే వాక్యం. ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకున్నవి మూడైనా ముప్పయ్యైనా ఒక్క మూలం కిందే లెక్క. ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో. 44 ఏళ్ల ముందు దాని ఉద్యోగి ఎక్కణ్నుంచి వచ్చాడు?

అమ్మాయి: అయ్యో, అది చూసుకోలేదు. మరి సరైన ఏడు మీరే రాసేయొచ్చుగా?

మాస్టారు: నేను లెక్కగట్టి రాస్తే అది నా సొంత పరిశోధన. వికీలో దానికి చోటు లేదు. నమ్మదగ్గ పుస్తకమో నివేదికో దొరికేదాకా ఏడు లేకుండానే వదిలేద్దాం. తప్పు ఉంచామనుకో, రేపు ఏ విలేఖరో మన పేజీ చూసి రాస్తాడు. ఎల్లుండి ఇంకొకరు ఆ పేపర్నే మనకు మూలంగా తెచ్చి పెడతారు.

(కొత్తగా రాసేవాళ్లకు ముందు చెప్పాల్సింది ఇదే. మనం రాసిన తప్పు చుట్టూ తిరిగి మన దగ్గరికే సాక్ష్యమై వస్తుంది.)

అమ్మాయి: నా బాధ ఏడు గురించి కాదు మాస్టారూ. "కనుగొన్నాడు" అంటారే, ఆ మాట గురించి. రాసేటప్పుడు నాకూ తట్టలేదు. మా ఊళ్లవాళ్లకు ఆ గుహ ఎప్పట్నుంచో తెలుసు. ఆవు పైనున్న కంతలోంచి పడిపోతే, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడిందని మా అమ్మమ్మ చెబుతుంది. మూలం కావాలంటే దొర మాట చెల్లుతుంది, అమ్మమ్మ మాట చెల్లదు. తటస్థత అంటే ఇదేనా?

మాస్టారు: ఆ మాట పక్షపాతమే. నేనూ ఎన్నోసార్లు చదివాను, నాకూ తట్టలేదు. ఆవు కథ అచ్చులో ఉంది కాబట్టి "స్థానికులు ఇలా చెప్పుకుంటారు" అని మూలంతో పెట్టొచ్చు.

అమ్మాయి: అచ్చులో లేనివి ఇంకా చాలా చెబుతుంది.

మాస్టారు: అవి ముందు ఎవరైనా సేకరించి అచ్చు వేయాలి. ఆ తర్వాతే వికీకి.

అమ్మాయి: అందాకా అమ్మమ్మ ఉండాలి కదా మాస్టారూ.

(ఈ మాట దగ్గర నేను అమ్మాయి పక్షమే. అయినా నియమం సడలించమని అనలేను.)

మాస్టారు: వచ్చే ఆదివారం కిరండూల్ పాసింజర్‌కి మీ ఊరు వెళ్దాం. ఫోన్లో రికార్డు చేద్దాం.

అమ్మాయి: వ్యాసంలో పెట్టడానికా?

మాస్టారు: ఇప్పుడే పెట్టలేం తల్లీ. ముందు ఆవిడ మాట పోకుండా ఉండాలి. ఈ రాత్రి మాత్రం జిల్లా పేరు సరిచేసి, విలియం కింగ్ వాక్యం లేకుండా పేరా మళ్లీ ఎక్కించు. ఎందుకు తీశావో చర్చా పేజీలో రెండు ముక్కలు రాయి.