బెల్టు అటక మీదికి, నేను గోడ దగ్గరికి

నడుము వంగిపోతోందని ఎవరితోనైనా అని చూడండి, వెంటనే భుజాల్ని వెనక్కి లాగి పట్టే బెల్టు కొనుక్కోమంటారు. నేనూ కొన్నా, పదమూడు వందలు పోసి. సిక్కోలు ఎండలో అది బిగించుకుని కూర్చుంటే చంకలు ఒరుసుకుపోయి చెమటపొక్కులు రావడం తప్ప ఒరిగిందేమీ లేదు. విప్పిన మరుక్షణం భుజాలు మళ్లీ ముందుకే.

నాది ఆమదాలవలసలో రైస్ మిల్లు లెక్కలు రాసే పని. 20వ తారీఖు దగ్గరపడి జీఎస్టీ టెన్షన్ మొదలైతే నా మెడ తాబేలు మెడలా స్క్రీన్ దగ్గరికి సాగిపోతుంది. మనిషి తల సుమారు అయిదు కిలోలుంటుంది, అది ముందుకు వేలాడినంతసేపూ మెడ వెనక కండరాలు దాన్ని లాగి పట్టుకోవాలి, మరి సాయంత్రానికి పీకదా? 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మా మండలమే, నేనేమో నా తల మోయలేక చస్తున్నా.

ఒకసారి మీరూ చూసుకోండి. మడమలు గోడకి రెండు మూడంగుళాల దూరంలో పెట్టి, పిరుదులు, వీపు ఆనించండి. గడ్డం పైకెత్తకుండా తల ఆనుతోందా? నాకు ఆనలేదు. అప్పట్నుంచి రోజూ రెండే పనులు. గడ్డాన్ని లోపలికి లాగి తల వెనక భాగాన్ని గోడకి మెల్లగా నొక్కి అయిదు సెకన్లు ఉంచడం ఒకటి. రెండోది, పోలీసుకి దొరికిన దొంగలా చేతులెత్తి మోచేతులు, మణికట్లు గోడకి ఆనించి కిందికీ పైకీ జార్చడం, నడుము విల్లులా వంగనివ్వకుండా. చూడ్డానికి నవ్వులాట, మూడోసారికే రెక్కల మధ్య మండిపోయింది. వీడియోల్లో ‘వాల్ సిట్’ అని ఊదరగొడుతున్నది బళ్లో మాస్టారు వేయించిన గోడకుర్చీయే, అది తొడలకి మంచిది, వంగిన వీపుకి అదే మందు అంటే మాత్రం నేనొప్పుకోను. చేతుల్లోకి తిమ్మిరి పాకుతుంటే మాత్రం ముందు డాక్టర్ని కలవండి, గోడని కాదు.

అసలు కష్టం వ్యాయామం కాదండీ, గోడ! అద్దింట్లో ఖాళీ గోడ ఎక్కడుంది? బీరువా, ఫ్రిజ్, దేవుడి పటాలు, మూడేళ్ల కిందటి క్యాలెండర్లు. ఆఖరికి తలుపు వెనక మూడడుగులు దొరికింది, అక్కడేమో చొక్కా నిండా సున్నం.

మొదటిరోజు అమ్మ చూసి, “ఏట్రా, బల్లిలాగ అలా గోడకి అతుక్కుపోనావు?” అంది. విషయం చెబితే తనూ వచ్చి నిలబడింది. ముప్ఫయ్యేళ్లు ఊడ్పులకి వంగిన నడుము, తలకీ గోడకీ మధ్య నా పిడికిలి పట్టేంత సందు. నేనేం మాట్లాడలేదు. “ఇంకా ఎంతసేపురా?” అంటూనే గడ్డం లోపలికి లాక్కుంది.

రెండు నెలలైంది. పొద్దున్న నా తల ఆనుతోంది, సాయంత్రం ఆనడం లేదు. ఆ మూడడుగుల కోసం ఇద్దరం వంతులేసుకుంటున్నాం.