దేశం రేటు తొమ్మిది యూరోలు

యూరప్‌కు మొదటిసారి చదువుకోవడానికి వెళ్తున్న మన పిల్లలకు పొదుపుగా తిరగడం ఎలాగో చెప్పేవాళ్లకు కొదవ లేదు. అయితే అందరూ గది ఎక్కడ చౌక, రొట్టె ఎక్కడ చౌక అన్న దగ్గరే ఆగిపోతున్నారు. అసలు యాత్రకు కొలత ఏమిటన్న మూలప్రశ్న జోలికి ఎవరూ పోవడం లేదు. స్థలానికి గజం ఉంది. యాత్రకు ఏముంది?

మన పెద్దనాన్నలు ఈ సంగతి ఎప్పుడో తేల్చేశారు. ఫోన్ చేయగానే వాళ్లడిగేది ఒక్కటే: "ఎన్ని దేశాలు చూశావురా?" ఏం చూశావని కాదు, ఎన్ని అని. దీని వెనక లోతైన సామాజిక న్యాయం ఉంది. డాలస్‌లో ఉన్న పెద్దమ్మ కొడుకు లక్షల డాలర్ల ఇల్లు కొని ఉండవచ్చు. ఎన్నేళ్లు తిరిగినా అతని లెక్కలో పడేది ఒకే దేశం. వీసా స్టాంపింగ్ భయంతో తమ్ముడి పెళ్లికి కూడా రాలేని మనిషి, ఇంకో దేశం ఎక్కడ చూస్తాడు? యూరప్‌కు వెళ్లినవాడు బాకీల్లో మునిగి ఉన్నా సరే, దేశాల లెక్కలో అతన్ని మించిపోగలడు. కాబట్టి మొత్తం ఖర్చును దేశాల సంఖ్యతో భాగించాలి. వచ్చేదే దేశం రేటు. పొదుపు యాత్ర అంటే ఈ రేటును తగ్గించే శాస్త్రం.

జర్మనీ ఉదాహరణ తీసుకుందాం. అక్కడికి వెళ్లే విద్యార్థి బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు ముందే వేయాలి. అందులోంచి నెలకు 992 యూరోలు వదులుతారు. మన డబ్బే మనకు జీతంలా ఇస్తారన్నమాట. అద్దె, ఆరోగ్య బీమా పోగా మిగిలినదాంట్లోనే పెద్దనాన్నకు సమాధానం వెతుక్కోవాలి.

ఆ సమాధానం పేరు డాయిచ్‌లాండ్ టికెట్. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2026 జనవరికి 63కు చేరింది. దూరప్రాంత ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఎక్కనివ్వరు గానీ, నెలంతా దేశమంతటా ప్యాసింజర్ రైళ్లు, బస్సులు, ట్రాములు ఎన్నయినా ఎక్కవచ్చు. అమాయకులు దీన్ని జర్మనీ చూడటానికి వాడుతున్నారు. మ్యూనిక్‌లో ప్యాసింజర్ ఎక్కితే ఇదే టికెట్ మీద సరిహద్దు దాటి సాల్జ్‌బర్గ్ స్టేషన్‌లో దిగవచ్చు. ఆస్ట్రియా అయిపోయింది. బాసెల్ బాడిషర్ బాన్‌హోఫ్ జర్మన్ రైల్వే నడిపే స్టేషనే, ఉన్నది మాత్రం స్విట్జర్లాండ్ నేల మీద. స్టేషన్ దాటకపోతే దేశం చూసినట్టా కాదా అన్నది పండితులు తేల్చాల్సిన విషయం. పెద్దనాన్న అంత లోతుకు వెళ్లడు.

ఫ్రాన్స్‌కు కేల్ ఊళ్లో దిగి రైన్ నది మీద నడక వంతెన దాటితే చాలు. అవతలి గట్టు స్ట్రాస్‌బర్గ్. గోపురం ఆకాశాన్నంటే ప్రసిద్ధమైన కెథడ్రల్ చూడాలంటే ఇంకో గంట నడవాలి. శాస్త్రం దీన్ని ఒప్పుకోదు. కెథడ్రల్ చూసినా ఫ్రాన్స్ ఒకటే, చూడకపోయినా ఒకటే. ట్రియర్ దగ్గర సరిహద్దు దాటితే లక్సెంబర్గ్. ఆ దేశం 2020లోనే బస్సులకూ ట్రాములకూ రెండో తరగతి రైళ్లకూ టికెట్ ఎత్తేసింది. చౌక యాత్రికుల పట్ల ఇంత మర్యాద చూపిన ప్రభుత్వం మరొకటి లేదు.

ఇక క్షేత్రాలన్నిటిలోకీ మహాక్షేత్రం ఆఖెన్ ఊరి పక్కనున్న వాల్సర్‌బర్గ్ గుట్ట. ఎత్తు 322 మీటర్లు. మనవైపు అయితే కొండ అని కూడా అనరు. దాని మీద ఒక రాయి పాతారు. జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం మూడూ అక్కడే కలుస్తాయి. రాయి చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేస్తే మూడు దేశాలు. ఆఖెన్‌లో చదివే మనవాళ్లు ఇంత సంపద ఇంటి వెనకే పెట్టుకుని లైబ్రరీల్లో మగ్గిపోవడం విచారకరం. వెనకటికి అక్కడ మోరెస్నె అనే నాలుగో బుల్లి తటస్థ ప్రాంతం కూడా ఉండేది. 1920లో బెల్జియంలో కలిపేశారు. అదే ప్రదక్షిణకు నాలుగు పడే రోజులవి. మనం ఆలస్యంగా పుట్టాం.

జర్మనీతో కలిపి మొత్తం ఏడు. అరవై మూడుని ఏడుతో భాగిస్తే దేశం తొమ్మిది యూరోలు. యూరో వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో ఇంతకంటే చౌకగా దేశాలు ఎక్కడా దొరకవు.

ఒక జాగ్రత్త. షెంగెన్ (ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) అంటే సరిహద్దులు లేవని సీనియర్లు చెబుతారు. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ అన్ని వైపులా భూసరిహద్దుల్లో తనిఖీలు పెట్టింది. ఫొటో కోసం వంతెన దాటినా పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు అసలువి జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫొటోలు కాదు. టికెట్ లేకుండా ఎక్కి పట్టుబడితే 60 యూరోలు జరిమానా. అంటే దాదాపు ఏడు దేశాలు ఒక్క చెకింగ్‌లో పోతాయి.

తిండి ఖర్చు దేశం రేటులో కలవకూడదు. అందుకే పులిహోర. చలికాలం వంతెన మీద కూర్చుని స్టీలు డబ్బా మూత తీస్తే మెతుకులు బిరుసెక్కి, పోపులో పల్లీలు మాత్రం ధైర్యంగా నిలబడి ఉంటాయి. చేతి గ్లవుజు తీసి తినాలా, వేసుకుని తినాలా అన్నది ఎవరి ఆచారం వారిది. ఇంటి నుంచి మోసుకెళ్లే సరుకు విషయంలో యూరోపియన్ యూనియన్ కఠినంగా ఉంటుంది: నెయ్యి, కోవా లాంటి పాల సరుకు నిషేధం. పచ్చి కరివేపాకు, మామిడికాయ తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం అక్కర్లేని పళ్లు అయిదే అయిదు: అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, దురియన్. బ్రస్సెల్స్‌లో ఈ జాబితా రాసినవాళ్లలో ఎవరో ఒక పురోహితుడు ఉండి ఉండాలి.

పారిస్ మాత్రం తొమ్మిది యూరోల్లో రాదు. అయినా తప్పదు, ఐఫిల్ టవర్ ఫొటో లేని యూరప్ చదువును బంధువర్గం గుర్తించదు. టవర్ ఎక్కడానికి టికెట్ కొనవద్దు. ఎక్కితే ఫొటోలో టవర్ పడదు. ట్రోకడెరో మెట్ల మీద నిలబడితే ఉచితం. లూవ్ర్ మ్యూజియం 2026 జనవరి నుంచి యూరోపియన్ ఎకనామిక్ ఏరియా (ఈయూ, ఐస్‌లాండ్, నార్వే, లీక్టెన్‌స్టైన్) బయటివాళ్లకు టికెట్ 32 యూరోలు చేసింది. ఆ ఏరియాలో నివాసం ఉంటూ 26 ఏళ్లు నిండనివాళ్లకు ఉచితం. రెసిడెన్స్ కార్డు ఉన్న మన కుర్రాడూ ఆ లెక్కలోకే వస్తాడు. బ్యాక్‌లాగులు రాసుకుంటూ ఇరవై ఏడో ఏట చేరినవాడికి ఆ భాగ్యం లేదు. ఇంజనీరింగ్ సకాలంలో పూర్తి చేయాలని నాన్న ఎందుకు మొత్తుకున్నాడో అప్పుడు బోధపడుతుంది.

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. యూరప్ ఈ సామెతలో విషాన్ని రద్దు చేసింది. 2024లో జర్మనీ దూరప్రాంత రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతం. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని అసలు ఆలస్యంగా లెక్కపెట్టకుండానే ఈ సంఖ్య. గంట ఆలస్యమైతే టికెట్‌లో పావు వంతు, రెండు గంటలైతే సగం వాపసు. బోర్డు మీద 110 నిమిషాల ఆలస్యం కనబడగానే జర్మన్లు నిట్టూరుస్తారు, మనవాడు ఇంకో పది నిమిషాల కోసం వెంకన్నకు మొక్కుకుంటాడు. డ్రైవర్ దారిలో తొందరపడి 117 నిమిషాలకే చేర్చేస్తే ఆ దుఃఖం చెప్పనలవి కాదు. విమానమైతే నేరుగా పెట్టుబడే. 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణం కంపెనీ తప్పు వల్ల మూడు గంటలు ఆలస్యమైతే 250 యూరోల పరిహారం. ఇరవై యూరోల టికెట్ మీద ఇంత లాభం చిట్‌ఫండ్‌లో కూడా రాదు. చౌక విమానాలకు ఉన్న లోపమల్లా అవి చెప్పిన ఊళ్లో దిగవు. పారిస్ పేరు పెట్టుకున్న బోవే విమానాశ్రయం పారిస్‌కు 85 కిలోమీటర్ల దూరం. మిగిల్చిన డబ్బు బస్సువాడికి సమర్పించుకోవాలి.

ఏడు దేశాలూ ఒకే వారంలో కొట్టినా, స్టేటస్‌లో ఒకేరోజు పెట్టకూడదు. వారానికి ఒకటి చొప్పున వదలాలి. అందుకోసం ప్రతి సరిహద్దు దగ్గరా చొక్కా మార్చాలి. వాల్సర్‌బర్గ్ రాయి దగ్గర మూడు చొక్కాలు కావాలి. ఆ చలిలో మార్చుకోవడం కష్టమే గనుక ఒకదాని మీద ఒకటి తొడుక్కెళ్లి విప్పుకుంటూ రావడం మేలు.

ఏడు పూర్తయినవాళ్లకు పైతరగతి ఇటలీలో ఉంది. వాటికన్ మొత్తం విస్తీర్ణం 109 ఎకరాలు. మనవైపు ఓ మోస్తరు వెంచర్. అయినా సొంత తపాలా బిళ్లలున్న నిఖార్సైన దేశం. రోమ్ నుంచి నడిచి సెయింట్ పీటర్స్ చౌక్‌లో అడుగుపెడితే చాలు, టికెట్ లేదు. శాన్ మరీనోకు రైలు లేదు, రిమిని నుంచి బస్సు ఎక్కాలి. ఆ చార్జీ కలిపితే దేశం రేటు కాస్త పెరుగుతుంది. డ్రైవర్‌తో బేరమాడితే తగ్గించడు, అడిగి చూడటంలో తప్పులేదు.