ఆవిష్కర్త పక్కన కొత్త మనిషి చేరితే పని చెడదు

భీమవరం చుట్టుపక్కల మేత మిల్లులు, చేపల-రొయ్యల చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తయారుచేసే షెడ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒంటరిగా శ్రమించి మందులు కనిపెట్టారనీ, కొత్త వస్తువు రూపొందించే మనిషికి పాత జట్టే చాలుననీ, కంపెనీ అతని పక్కన కొత్తవాళ్లను చేరిస్తే పని కుంటుపడుతుందనీ దాని సారాంశం. ఈ మూడు మాటల్లో ఏదీ నిలబడదు.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందును మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. ఆయన 70 దాటిన వయసులో, 1944లో, ఆ సంస్థకు కొత్తగా వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు. మన డెల్టాలో బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర కూడా అక్కడే, రసాయనజ్ఞులూ పరాన్నజీవుల నిపుణులూ కలిసి పనిచేయగా వచ్చింది. ఇలా చెబితే సుబ్బారావు గారి స్థాయి తగ్గదు. తనది కాని విద్య తెలిసినవారిని పక్కన నిలుపుకోవడం కూడా ఆయన ప్రతిభే.

పాత జట్టే చాలుననడానికి అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ కథ అడ్డు వస్తుంది. ప్రయోగాల్లో చేయి తిరిగిన వాల్టర్ బ్రాటెయిన్ 1929 నుంచి అక్కడే ఉన్నారు. 1945లో సిద్ధాంతవేత్త జాన్ బార్డీన్ వచ్చి చేరాక, ఒకరు ఊహించడం, మరొకరు కొలిచి చూడడం మొదలై, 1947 డిసెంబరులో విద్యుత్ సంకేతాన్ని పెంచే చిన్న పరికరం, ట్రాన్సిస్టర్, మొదటిసారి పనిచేసింది.

కొత్తవారి వల్ల మొదట్లో ఆలస్యం జరిగే మాట నిజమే, ఎవరిని పడితే వారిని చేర్చమనీ నేననను. మా షెడ్డులో ఏరేటర్ గేర్‌బాక్సులోకి ఉప్పునీరు దిగుతుంటే మేం నలుగురం రెండేళ్లపాటు ఆయిల్ సీళ్లు మారుస్తూనే ఉన్నాం. నరసాపురం వైపు పడవ ఇంజిన్లు బాగుచేసి వచ్చిన కుర్రవాడు నెలంతా ప్రశ్నలతో మమ్మల్ని విసిగించాడు. ఒకరోజు షాఫ్టు బయటకు లాగి, సీలు ఒరుసుకున్న చోట గోరు ఆనించి చూపించాడు.

"సీలు ఎన్నిసార్లు మార్చినా ఏం లాభమండి, షాఫ్టుకే గాడి పడిపోయింది కదండి."

అక్కడ షాఫ్టు మీద స్టీలు స్లీవు, అంటే గొట్టంలాంటి తొడుగు, ఎక్కించాం. ఇప్పుడు మా డ్రాయింగులో ఆ స్లీవు మొదటి నుంచే ఉంటోంది.